సిబిల్ అక్కర్లేదంట... అయితే లేచి పారిపోండి

మొన్న గురువారం మా ఆఫీసు కెఫెటేరియాలో పెరుగన్నం తింటుంటే పక్క టీమ్ కుర్రాడొకడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ప్రాజెక్టు ఎలా ఉంది, అప్రైజల్ ఏమైంది లాంటి కుశలప్రశ్నలు అయ్యాక మెల్లగా ఫోను నా వైపు తిప్పాడు. రెండు ఏనుగులున్న పేద్ద గేటు, గేటు వెనక కొబ్బరిచెట్లు, చెట్ల మధ్య నల్లటి తారురోడ్డు, రోడ్డు మీద సైకిళ్ళు తొక్కుతున్న ఒక విదేశీ కుటుంబం (షాద్‌నగర్ అవతల వెంచర్లలో విదేశీయులే ఎందుకు సైకిలు తొక్కుతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు). కింద ఎర్రటి అక్షరాల్లో "సిబిల్ అక్కర్లేదు, ఇన్‌కమ్ ప్రూఫ్ అక్కర్లేదు. రెండు లక్షలు కట్టండి, ప్లాటు ఓనరు అవ్వండి" అని ఉంది.

"అన్నా, నీకు బ్యాంకు లోను రాలేదని విన్నా. నీలాంటోళ్ళ కోసమే ఈ స్కీము" అన్నాడు.

నీలాంటోళ్ళు! కోపం రాలేదు, ఎందుకంటే మాట నిజమే. నేను అలాంటోణ్ణే. 2022లో సరిగ్గా ఇలాంటి బొమ్మే చూసి, ఇలాంటి మాటే నమ్మి చేతులు కాల్చుకున్నవాణ్ణి. ఆ కుర్రాడికి అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. స్కోరు పాడైపోయి, "అద్దె ఇళ్ళల్లోనే ముసలాళ్ళం అయిపోతామేమో, ఏదో ఒక ప్లాటుతో మొదలుపెట్టేద్దాం" అని రాత్రిళ్ళు దొర్లుతున్నవాళ్ళు మన ఫీల్డులో చాలామంది ఉన్నారు. సిగ్గుతో బయటికి చెప్పరు, అంతే.

ముందు నా అప్పుల పురాణం. బోరు కొడితే ఓ పేరా దాటేయండి, కానీ దాటకపోతేనే మంచిది.

2018లో ఇంజనీరింగు అయ్యింది, క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, చేతికి 27 వేలు. చేరిన రెండో నెలలోనే ఆఫీసు కింద గొడుగు వేసుకుని కూర్చున్నాయన క్రెడిట్ కార్డు అంటగట్టాడు. ఫోను, చెల్లెలి పెళ్ళికి చీరలు, గోవా... అన్నీ దాని మీదే. 2020 మేలో ప్రాజెక్టు పోయింది, దాంతో పాటు నేనూ పోయాను. ఏడు నెలలు ఖాళీ. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు దాకా రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియంని నేను, నాలాగే బోలెడంత మంది, మాఫీ అనుకున్నాం. అది వాయిదా మాత్రమే, వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుందని ఎవరూ చెప్పలేదు (చెప్పారు, మనం చదవలేదు). 2021కి బాకీ లక్షా ఎనిమిది వేలయ్యింది. రికవరీ ఏజెంటు మా నాన్నకి ఫోన్ చేసి "మీ అబ్బాయి దొంగ" అన్నాడు. ఆ తరవాత వాడే దిగొచ్చి "45 వేలు కట్టేయండి, సెటిల్ చేసేస్తాం" అన్నాడు. కట్టేశాను. 63 వేలు మిగిలాయని ఆ రాత్రి రూమ్మేట్లందరికీ బిర్యానీ కూడా పెట్టించాను.

ఆ బిర్యానీ ఎంత ఖరీదైందో 2022లో హోమ్ లోనుకి వెళ్ళినప్పుడు తెలిసింది. స్కోరు 604. రిపోర్టులో ఆ కార్డు ఎదురుగా "సెటిల్డ్" అని ఉంది. మనకి ఆ మాట "తేలిపోయింది" అన్నట్టు వినిపిస్తుంది. బ్యాంకువాడికి "ఎగ్గొట్టాడు, దొరికినంత తీసుకుని వదిలేశాం" అని వినిపిస్తుంది. "క్లోజ్డ్" వేరు, "సెటిల్డ్" వేరు. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి, డేటాబేసులో ఒక స్టేటస్ కాలమ్ విలువ ఏమిటో తెలుసుకోకుండా సంతకం పెట్టినవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

ఇహ అసలు కథ. బ్యాంకు పొమ్మన్న నెలలోనే ఒక కంపెనీ (పేరు వద్దులెండి) రమ్మంది. 165 గజాలు, గజం ఎనిమిది వేలు, మొత్తం 13 లక్షల 20 వేలు. రెండు లక్షలు బుకింగు, మిగతాది నెలకి 28 వేల చొప్పున 40 నెలలు నేరుగా కంపెనీకే కట్టాలి. ఆఖరి వాయిదా తరవాత రిజిస్ట్రేషను. బ్యాంకు లేదు, సిబిల్ లేదు. బుకింగు రెండు లక్షలు కూడా నా దగ్గర లేవు కాబట్టి ఒక యాప్‌లో 24 శాతానికి అప్పు తీసుకున్నాను. మూడేళ్ళు, నెలకి 7,847. మీరు లెక్క వేసేలోపు నేనే చెప్పేస్తా, రెండు లక్షలకి మొత్తం కట్టింది 2 లక్షల 82 వేల పైచిలుకు. పాడైన స్కోరున్నవాడు మళ్ళీ అధిక వడ్డీకి అప్పు చేసి "పెట్టుబడి" పెట్టడమన్నమాట. అప్పట్లో నాకు అది తెలివిగా అనిపించింది!

ఇక్కడే ఒక చిన్న విషయం జరిగింది. నేను ఈ టపా రాయడానికి అసలు కారణం అదే.

మా రూమ్మేటు కూడా అదే వెంచర్‌లో, మా ప్లాటుకి రెండు ప్లాట్ల అవతల తీసుకుందామనుకున్నాడు. వాడి స్కోరు 790. వాడు వాయిదాల స్కీము ఎందుకని బ్యాంకులో ప్లాటు లోనుకి పెట్టాడు. బ్యాంకు ఆ కాగితాలు తన ప్యానెల్ లాయరుకి పంపింది. పదిహేను రోజుల్లో లాయరు "టైటిల్ సరిగ్గా లేదు" అని రాసి తిప్పికొట్టాడు. మా వాడు బ్యాంకుని నానా బూతులూ తిట్టి, కట్టిన టోకెన్ 25 వేలు వెనక్కి తీసుకున్నాడు. లోను రాకపోతే టోకెన్ తిరిగి ఇస్తామని వాడి రసీదు మీద ఉంది. నా రసీదు మీద లేదు, ఎందుకంటే నాకు లోనే లేదుగా. "బ్యాంకు లాయర్లకి ఆమ్యామ్యా ముట్టలేదు మామా, అందుకే నెగటివ్ ఇచ్చారు" అని మా రూములో తీర్మానం జరిగింది. కంపెనీవాళ్ళు కూడా అదే చెప్పారు. నేను ఇంకా అయిదు వాయిదాలు కట్టాను.

2023 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, మా బాబాయికి గొప్పగా ఆ కాగితాలు చూపించాను. ఆయన ముప్ఫై ఏళ్ళుగా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా డాక్యుమెంట్ రైటరు. కళ్ళజోడు పెట్టుకుని రంగుల బ్రోచరు పక్కన పడేసి, వంద రూపాయల స్టాంపు కాగితం మీదున్న ఒప్పందం మాత్రం రెండుసార్లు చదివాడు. "లింకు డాక్యుమెంట్లు ఏవిరా?" అన్నాడు. లేవు. "ఈసీ తీశావా?" లేదు. "సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో చూశావా?" అలాంటి జాబితా ఒకటి ఉందనే నాకు తెలీదు. పండగ మూడు రోజులూ ఆయన ఎవరెవరికో ఫోన్లు చేసి, కనుమ రోజు సాయంత్రం చల్లగా చెప్పాడు. "ఒరేయ్ నాన్నా, ఆ సర్వే నంబరులో సగం అసైన్డు భూమి. మిగతా సగం ఇంకా రైతు పేరునే ఉంది, కంపెనీ పేరున రిజిస్ట్రేషనే కాలేదు. వాడిది కానిదాన్ని వాడు అమ్ముతున్నాడు, నువ్వు వాయిదాల్లో కొంటున్నావు" అని.

పదకొండు నెలలు తిరిగాను. కట్టింది 3 లక్షల 40 వేలు, వెనక్కి వచ్చింది లక్షా పది వేలు. అది కూడా చిల్లర చిల్లరగా, ఒక చెక్కు బౌన్సయ్యి.

చెప్పొచ్చేదేమిటంటే, బ్యాంకు లోను ఇచ్చేముందు రెండిటిని పరీక్షిస్తుంది. ఒకటి మనల్ని, రెండోది ఆ భూమిని. మనల్ని పరీక్షించినప్పుడు మనకి అవమానంగా ఉంటుంది కాబట్టి ఆ ఒక్కటే గుర్తుంటుంది. కానీ రెండోది మన కోసం జరుగుతున్న పని. బ్యాంకు తన ఇరవై ఏళ్ళ డబ్బు అక్కడ పెడుతోంది గనక, తన లాయరుతో ముప్ఫై ఏళ్ళ లింకులు చదివిస్తుంది, తన ఇంజనీరుని సైటుకి పంపిస్తుంది. "సిబిల్ అక్కర్లేదు" అన్నవాడు మీ స్కోరుని క్షమించడం లేదు. బ్యాంకునే గదిలోంచి బయటికి పంపించేస్తున్నాడు. బ్యాంకుతో పాటు ఆ లాయరూ, ఆ ఇంజనీరూ బయటికి పోతారు. ఆ భూమికి ఏ బ్యాంకూ లోను ఇవ్వదని వాడికి ముందే తెలుసు. అందుకే లోను దొరకనివాళ్ళని వెతుక్కుంటూ వస్తాడు. నా 604ని వాడు భరించలేదండీ, వాడికి కావలసిందే 604!

మన భాషలో చెప్పాలంటే, రెండు లైన్ల కోడు ప్రొడక్షన్‌కి పంపాలన్నా ఇద్దరు రివ్యూ చేయాలి అని గోల పెట్టే మనం, రివ్యూ లేకుండా పదమూడు లక్షలు మెర్జ్ చేసేస్తున్నాం. :-)

"రిజిస్ట్రేషన్ అయితే చాలు కదా, ప్రభుత్వమే చూస్తుంది కదా" అంటారు చాలామంది. చూడదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం నమోదయ్యేది దస్తావేజు, హక్కు కాదు. ఫలానా ఆయన ఫలానా ఆయనకి అమ్మినట్టు రాసుకున్నారు అని సబ్‌రిజిస్ట్రారు పుస్తకంలో ఎక్కిస్తాడు. అమ్మినాయనకి అసలు అది ఉందా అన్నది కొనేవాడు చూసుకోవాలి. నిషేధిత జాబితా (22ఎ అంటారు) ఒకటి ఉంది కాబట్టి ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్, అసైన్డు భూములు కొంతవరకు అక్కడ ఆగుతాయి. అసైన్డు భూములు అమ్మకూడదన్న చట్టం 1977 నుంచీ ఉంది. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టళ్ళు మారినా, భూమి చరిత్ర చదవాల్సిన బాధ్యత మాత్రం కొనేవాడి నెత్తిమీదే ఉంది. నా విషయంలోనైతే రిజిస్ట్రేషన్ ఉండేది 40 నెలల తరవాత. అంతదాకా నా దగ్గరున్నది రసీదులు, ఆ ఏనుగుల బొమ్మ.

అమెరికాలో ఉన్న మిత్రులకి ఇది వింతగా ఉంటుంది. డల్లాస్‌లో ఉన్న నా క్లాస్‌మేటు ఒకడు "స్కోరు తక్కువైతే ఏంట్రా, ఇక్కడ 580 ఉన్నా డూప్లెక్స్ కొని ఒక వాటా అద్దెకిస్తారు" అని నాకు 2022లో జ్ఞానబోధ చేశాడు. వాడు చెప్పింది అక్కడ నిజం. అక్కడ ప్రభుత్వ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ పూచీ ఉన్న లోన్లకి 580 స్కోరుంటే మూడున్నర శాతం చేతినుంచి పెడితే చాలు, 500 నుంచి 579 మధ్య ఉంటే పది శాతం పెట్టాలి, నాలుగు వాటాల ఇల్లు దాకా కొనొచ్చు, కాకపోతే ఒక వాటాలో తనే ఉండాలి. ఆ లోను ఇచ్చేవాడు కూడా పరీక్ష మానేయడు. ఇల్లుని అప్రైజరు చూస్తాడు, టైటిల్ కంపెనీ హక్కుని వెతుకుతుంది, తప్పు తేలితే కట్టడానికి టైటిల్ ఇన్సూరెన్సు ఉంటుంది, డబ్బు ఎస్క్రోలో ఉంటుంది. అంటే అక్కడ కొనేవాడి స్కోరు విషయంలో సడలించారు గానీ, భూమి విషయంలో సడలించలేదు. 1980లో రాబర్ట్ అలెన్ "నథింగ్ డౌన్" అని పుస్తకం రాసిన దగ్గర్నుంచీ "చేతిలో డబ్బు లేకుండా, అప్పు చరిత్ర లేకుండా ఆస్తులు" అన్న బోధ అక్కడ ఒక పరిశ్రమ. దాని మీద అక్కడే బోలెడు విమర్శలున్నాయి, అది వేరే సంగతి. మన యూట్యూబు గురువులు ఆ బోధని ఎత్తుకొచ్చారు గానీ, దాని కింద ఉన్న టైటిల్ కంపెనీని ఎత్తుకురాలేదు.

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటు ఏదైనా రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. అపార్ట్‌మెంటు అయితే ఎనిమిది ఫ్లాట్ల దాకానే మినహాయింపు. ధరలో పది శాతానికి మించి డబ్బు తీసుకోవాలంటే ముందు అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయాలి. వసూలు చేసినదాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. ఈ మూడు ముక్కలు నాకు 2022లో తెలిసి ఉంటే, 13 లక్షల 20 వేలకి రెండు లక్షల బుకింగు అన్న చోటే ఆగిపోయేవాణ్ణి. పది శాతం అంటే లక్షా 32 వేలే కదా! "ప్రీలాంచ్" అనే మాటకి అర్థమే రెరా నంబరు రాకముందు అమ్మడం. అంటే ఆ పేరులోనే నేరం ఒప్పుకుంటున్నారు, మనం దాన్ని డిస్కౌంటు అనుకుంటున్నాం. 2022 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు ప్రీలాంచ్ పేరుతో వందల కోట్లు వసూలు చేశారన్న కేసులో ఒక కంపెనీ అధినేతని అరెస్టు చేశారు. ఆ వార్త పేపర్లో చదివిన నెల కూడా నేను వాయిదా కట్టాను. మనది ఆ కంపెనీ కాదు కదా అని!

నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. బ్యాంకు పరీక్ష దేవుడి పరీక్షేమీ కాదు. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల్లో కూల్చిన ఇళ్ళలో బ్యాంకు లోనుతో కొన్నవీ ఉన్నాయని ఆ యజమానులే మొత్తుకున్నారు. 2025లో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల బిల్డర్లకీ బ్యాంకులకీ మధ్య కుమ్మక్కు మీద సీబీఐ దర్యాప్తుకి ఆదేశించింది. ఒప్పుకుంటాను. కానీ నిపుణుడు చూసినా తప్పు జరుగుతోందంటే, ఎవరూ చూడనిదాన్ని కొనొచ్చని అర్థమా?

ఇక మనవాళ్ళు కనిపెట్టిన ఇంకో దారి, వేరేవాళ్ళ పేరున కొనడం. భార్య పేరున, మనకి తెలిసిన ఆదాయంతో కొంటే ఇబ్బంది లేదు. కానీ "నా స్కోరు బాలేదు, నీ పేరున లోను తీసుకో, ఈఎంఐ నేను కడతా" అని స్నేహితుణ్ణి అడిగే మహానుభావులు ప్రతి టీములో ఒకరుంటారు. అది బినామీ కిందికి వస్తుంది. 2016 సవరణ తరవాత బినామీకి ఏడేళ్ళ దాకా జైలు, మార్కెట్ విలువలో పాతిక శాతం దాకా జరిమానా, ఆస్తి జప్తు. మీరు ఒక్క నెల కట్టకపోతే వాడి స్కోరు కూడా మీ స్కోరు పక్కన వచ్చి కూర్చుంటుంది. స్నేహం సంగతి సరేసరి.

"ఇవన్నీ సరే, ఈ లోపు రేట్లు పెరిగిపోతాయి కదా. 2010లో కొల్లూరులో కొన్నవాడు ఇప్పుడు కోటీశ్వరుడు" అన్నది నా మీద అందరూ వేసే బాణం. నిజమే, పెరిగాయి. కాకపోతే పెరిగిన ప్లాటువాడు పార్టీ ఇస్తాడు, పోయిన ప్లాటువాడు నాలాగా నోరు మూసుకుని కూర్చుంటాడు. మీరు విన్నవన్నీ పార్టీ ఇచ్చినవాళ్ళ కథలే. పైగా పెరగాలంటే ముందు అది మీది అయి ఉండాలి. నా 165 గజాల రేటు కూడా బాగానే పెరిగింది, నిజంగా. ఆ రైతుకి.

మరైతే స్కోరు పాడైనవాడు ఏం చేయాలి? చేతులు ముడుచుకు కూర్చోవాలా? నేను సలహాదారుణ్ణి కాను, నేను చేసింది చెబుతాను.

మొదట రిపోర్టు తీశాను. మన దేశంలో సిబిల్ ఒక్కటే కాదు, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచీ ఉన్న నియమం. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది, కానీ ఆ అంకె కాదు చూడాల్సింది, కిందనున్న గళ్ళు. ప్రతి అప్పుకీ 36 నెలల గళ్ళుంటాయి, ఎన్ని రోజులు ఆలస్యమైందో నెలనెలా అందులో ఉంటుంది. నా రిపోర్టులో నాది కానే కాని కన్స్యూమర్ లోను ఒకటి దొరికింది! ఎవరి వాషింగ్ మెషీనో నేను మోస్తున్నాను. ఫిర్యాదు పెట్టాను, పోయింది. ఇలాంటి ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో చెప్పింది, 2024 నుంచి అమల్లో ఉంది. ఆ సంగతి మెయిల్లో ఒక వాక్యంగా రాస్తే జవాబు చకచకా వస్తుంది, అనుభవంతో చెబుతున్నా.

తరవాత ఆ పాత బిర్యానీ బాకీ. కార్డు బ్యాంకుకి వెళ్ళి, మీరు వదిలేసిన 63 వేలు కడతానన్నాను. కౌంటరులో ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. కట్టి, బాకీ లేదని ఉత్తరం తీసుకుని, "సెటిల్డ్"ని "క్లోజ్డ్"గా మార్పించుకున్నాను. ఇదంతా ఒక్క సంతకంతో కాలేదు, నాలుగు సార్లు తిరిగాను. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఒకటి తీసుకుని, దాంతో నెలకి పెట్రోలు, రీచార్జి మాత్రమే కొట్టి, బిల్లు పూర్తిగా కడుతూ వచ్చాను. యాప్ అప్పు ఒక్క వాయిదా తప్పకుండా 2025లో తీర్చేశాను. 604 నుంచి 731కి రావడానికి 22 నెలలు పట్టింది. "వారం రోజుల్లో స్కోరు పెంచుతాం" అని తిరిగే ఏజెంట్లకి మీరిచ్చే పదివేలు కూడా ఇదే జాబితాలో నష్టం కింద రాసుకోండి.

22 నెలలు ఎక్కువ అనిపిస్తే ఒక లెక్క చూడండి. 50 లక్షల లోను, ఇరవై ఏళ్ళు. వడ్డీ 8.5 శాతమైతే ఈఎంఐ 43,391. 9.5 శాతమైతే 46,607. ఒక్క శాతం తేడాకి ఇరవై ఏళ్ళలో 7 లక్షల 70 వేల పైనే. ఫ్లోటింగ్ రేటు లోన్లలో స్కోరుని బట్టి వడ్డీలో తేడా పెట్టే బ్యాంకులు చాలా ఉన్నాయి. పైగా 30 లక్షల నుంచి 75 లక్షల లోనుకి ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నియమం, తెలంగాణలో రిజిస్ట్రేషనుకి మరో ఏడున్నర శాతం మన చేతినుంచే. కాబట్టి ఆ 22 నెలలు ఎలాగూ ఆ డబ్బు కూడబెట్టడానికే కావాలి. స్కోరు బాగుచేసుకోవడం, డబ్బు దాచుకోవడం ఒకే పని, వేరువేరు కాదు.

ఇంకో అపోహ. 2025 ఆగస్టులో "మొదటిసారి లోను తీసుకునేవాళ్ళకి సిబిల్ స్కోరు తప్పనిసరి కాదు" అని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. దాన్ని కత్తిరించి మన బ్రోచర్లవాళ్ళు వాట్సాపులో తిప్పుతున్నారు. అది అప్పు చరిత్రే లేనివాళ్ళ గురించి. చరిత్ర లేకపోవడం వేరు, నాలాగా ఉన్న చరిత్ర చెడిపోవడం వేరు.

ఈ లోపు రియల్ ఎస్టేట్‌లో చెయ్యి పెట్టకపోతే ఊపిరాడదు అనేవాళ్ళుంటారు (నేనూ అంతే). స్టాకు మార్కెట్లో రీట్లు ఉన్నాయి, 2019లో మొదటిది లిస్టయ్యింది. 2021లో సెబీ నియమం మార్చాక ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు. ఎవరూ మీ సిబిల్ అడగరు, అలాగని ఆ భవనాల కాగితాలు ఎవరూ చూడకుండా ఉండరు. పంచగలిగే నగదులో కనీసం 90 శాతం పంచాలన్న నియమం ఉంది. మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో భవనాలున్న రీటు కూడా ఒకటుంది. మా కంపెనీ అద్దె కడుతున్న భవనంలో నాకూ ఒక ఇటుకముక్క వాటా ఉంది అనుకుంటే లిఫ్టులో కొంచెం దర్జాగా ఉంటుంది. ధర పడుతుంది, లేస్తుంది, ధనవంతులం అయిపోం. కానీ ఏ సర్వే నంబరులో ఉందో తెలీని స్థితి మాత్రం ఉండదు.

అదీ కాదు నాకు మట్టే కావాలి అంటే, పూర్తిగా డబ్బు కట్టగలిగినంత చిన్నది, మీకు తెలిసినవాళ్ళున్న ఊళ్ళో చూడండి. బ్యాంకు లేదు కాబట్టి బ్యాంకు పని మీరే చేయండి. ముప్ఫై ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు, నిషేధిత జాబితా, ఆ తరవాత డబ్బులిచ్చి పెట్టుకున్న మీ సొంత లాయరు. కంపెనీ చూపించిన లాయరు కాదు. నాకు ఆ లాయరు ఫీజు కొన్ని వేలు అయ్యేది. దాన్ని ఆదా చేసి 2 లక్షల 30 వేలు పోగొట్టుకున్నాను, యాప్ వడ్డీ అదనం. మా బాబాయి ఇప్పుడు ఊరి పక్కన నాలుగు సెంట్లు చూసి పెట్టాడు. ఈసీలో 1998 దగ్గర ఒక భాగ పరిష్కారం తేడాగా ఉందట, అది తేలేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దన్నాడు. ఆరు నెలలయ్యింది. ఆగాను.

కెఫెటేరియా కుర్రాడి దగ్గరికి వస్తే, వాణ్ణి రెండే అడిగాను. వెంచర్ రెరా నంబరెంత, ఏజెంటుగా నీ రెరా నంబరెంత అని. ఏజెంట్లు కూడా నమోదవ్వాలని వాడికి తెలీదు పాపం. "నాకెందుకన్నా, నేను పార్ట్ టైమే కదా" అన్నాడు. వెంచర్ నంబరు కోసం బ్రోచరు అడుగుదాకా జూమ్ చేశాడు. "రెరా: అప్లైడ్" అని ఉంది. నంబరు వచ్చాక పంపు, చూద్దాం అన్నాను. ఇంకా పంపలేదు గానీ, వాడు కూడా అందులో రెండు లక్షలు కట్టాడని నిన్న వాళ్ళ టీములో ఒకమ్మాయి చెప్పింది. రేపు లంచ్‌కి మళ్ళీ కూర్చోబెట్టాలి, వాడి ఒప్పందం కాగితం తెమ్మన్నాను.